1770 నాటి పళ్లెం, వందేళ్ల తర్వాతి రంగు: ఒక వేలంపాట కేస్ స్టడీ

ఇంగ్లండ్‌లో 18వ శతాబ్దపు పింగాణీ సేకరించేవాళ్ల తరఫున వేలానికి ముందు వస్తువును చూసి, దేన్ని ఎంతవరకు పాడొచ్చో చెప్పడం నా పని. ఈ కేసులోని సేకర్త తెలుగాయన. ఉద్యోగరీత్యా వచ్చి ఇక్కడే స్థిరపడ్డారు. ఆయన్ని గుర్తుపట్టే వివరాలన్నీ తీసేశాను, కొన్నిటిని మార్చాను. ధరల నిష్పత్తి మాత్రం చెడకుండా ఉంచాను. వేలం సంస్థ పేరు చెప్పను, ఆ అవసరమూ లేదు.

ఆయన తొందరపాటు మనిషైతే ఈ కేసు రాసేవాణ్ణి కాదు. సేకర్తలకు చెప్పే పరీక్షలన్నీ చేశారు, వాటిని సరిగ్గానే చేశారు, ప్రతిదానికీ నిఖార్సైన జవాబే వచ్చింది. అయినా రెండు వేల పౌండ్లకు పైగా పోయాయి.

నేపథ్యం

ఇంగ్లండ్‌లోని వూస్టర్ పట్టణపు పింగాణీ ఫ్యాక్టరీ 1751లో మొదలైంది. డాక్టర్ జాన్ వాల్, విలియం డేవిస్, మరికొందరు భాగస్వాములు కలిసి పెట్టారు. మరుసటి ఏడాది బ్రిస్టల్‌లోని ఒక చిన్న ఫ్యాక్టరీని తమలో కలుపుకున్నారు. దాంతోపాటే మట్టిలో బలపపు రాయి పొడి కలిపే కిటుకూ వాళ్ల చేతికొచ్చింది. కార్న్‌వాల్ నుంచి వచ్చే ఆ రాయి వల్ల వూస్టర్ టీపాట్లు మరిగే నీళ్లు పోసినా పగిలేవి కావు. రాచిప్పలో పులుసు కాచుకున్న ఇళ్లవాళ్లకు ఈ సంగతి విడమరిచి చెప్పక్కర్లేదు. 1783లో థామస్ ఫ్లైట్ కొనేదాకా ఉన్న కాలాన్ని చాలామంది ఫస్ట్ పీరియడ్ అంటారు. డాక్టర్ వాల్ 1776లో చనిపోయారు కాబట్టి అక్కడికే గీత గీసేవాళ్లూ ఉన్నారు.

ఈ కాలం సరుకు ప్రధానంగా రెండు రకాలు. నీలం తెలుపు సరుకులో కోబాల్ట్ నీలాన్ని గ్లేజు, అంటే పైన పూసే గాజు పూత, కిందే వేస్తారు. రెండోది రంగుల సరుకు. గ్లేజు వేసి కాల్చాక దాని మీద ఎనామెల్ రంగులు, బంగారం వేసి మళ్లీ తక్కువ వేడిలో కాలుస్తారు. వీటిలో ఖరీదైనవి నేలంతా ఒకే రంగు పరిచి, మధ్యలో తెల్ల గదులు వదిలి, వాటిలో వింత పక్షులనో పువ్వులనో చిత్రించినవి. పొలుసుల నీలం నేల, ఆపిల్ గ్రీన్ అనే పచ్చ నేల అందులోవే.

ఇక్కడ ఒక చరిత్ర ఉంది. కేసంతా దాని మీదే తిరుగుతుంది. 19వ శతాబ్దం రెండో సగానికి రంగు నేలల వూస్టర్ అంటే ధనవంతులు ఎగబడి కొనే పరిస్థితి వచ్చింది. లేడీ షార్లెట్ ష్రైబర్ లాంటి సేకర్తల ప్రభావం అప్పుడు బాగా ఉండేది. ఆవిడ ఇంగ్లిష్ పింగాణీ సేకరణ 1884లో సౌత్ కెన్సింగ్టన్ మ్యూజియానికి, అంటే ఇప్పటి విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియానికి చేరింది. అదే సమయంలో రెండు మూడు పూల రెమ్మలు తప్ప మరేమీ లేని సాదా వూస్టర్ పళ్లేలు చౌకగా దొరికేవి. కొందరు చిత్రకారులు ఆ సాదా పళ్లేల మీది పాత పూలను గీకేసో, ఆమ్లంతో కరిగించో తీసేశారు. వాటి మీద పచ్చ నేల, పక్షులు, బంగారం వేసి మళ్లీ కాల్చి అమ్మారు. మట్టి వూస్టర్‌ది, గ్లేజు వూస్టర్‌ది, ఆకారమూ వూస్టర్‌దే. ధర పలికించే బొమ్మ మాత్రం వందేళ్ల తర్వాతిది. పారిస్‌లో 1845లో మొదలైన సామ్సన్ సంస్థ లండన్‌లోని చెల్సీ ఫ్యాక్టరీ బొమ్మలకు చేసిన కాపీలను పట్టుకోవడం దీనికంటే తేలిక. చెల్సీ, వూస్టర్ సరుకు మెత్తటి పింగాణీ, ఆ కాపీలు గట్టి పింగాణీలో ఉంటాయి, చేతిలోకి తీసుకోగానే తేడా తెలుస్తుంది.

కొనుగోలు

మా సేకర్త మొదట్లో సంతల్లో, చిన్న దుకాణాల్లో నీలం తెలుపు కప్పులు కొనేవారు. ఒక్కోటి నలభై, యాభై పౌండ్లు. కొన్నేళ్లకు చెయ్యి తిరిగింది, పెద్దది ఒకటి కొనాలనిపించింది. ఒక జిల్లా పట్టణంలోని వేలంలో ఈ లాట్, అంటే ఒక పాటకు పెట్టే సరుకు, కనిపించింది. కేటలాగ్‌లో రాసిందింతే: వూస్టర్ డెజర్ట్ పళ్లెం, ఆపిల్ గ్రీన్ నేల, బంగారు గీతల గదుల్లో వింత పక్షులు, సుమారు 1770. ఎస్టిమేట్, అంటే వేలం సంస్థ అంచనా ధర, 600 నుంచి 800 పౌండ్లు. ఆయన కండిషన్ రిపోర్ట్ అడిగారు. పగుళ్లు, రిపేర్లు లేవనీ, బంగారం కొద్దిగా అరిగిందనీ, బట్టీలో పడిన చిన్న మచ్చలున్నాయనీ జవాబొచ్చింది.

ఆయన ఇంటి నుంచే ఆన్‌లైన్‌లో పాడారు. వేలం గదిలో ఒకాయన, ఆన్‌లైన్‌లో ఈయన పోటీపడ్డారు. 1,800 పౌండ్లకు పాట ఈయనకు దక్కింది. కొన్నవారు వేలం సంస్థకు కట్టే బయ్యర్స్ ప్రీమియం 25 శాతం అంటే 450, దాని మీద వ్యాట్ 90, ఆన్‌లైన్ వేదికకు 5 శాతం అంటే 90, దాని మీద వ్యాట్ 18. మొత్తం 2,448 పౌండ్లు చెల్లించారు. ఎస్టిమేట్ కంటే రెట్టింపుకు పైగా పాడాల్సి రావడాన్ని ఆయన మంచి శకునంగా తీసుకున్నారు. ఇంకొకరికీ అంత విలువ కనిపించింది కదా అనుకున్నారు. కానీ ఆ ఇంకొకరు కూడా అదే ఫొటోలు, అదే కేటలాగ్ వాక్యం చూసి పాడి ఉండొచ్చు. పోటీ పాటను సాక్ష్యంగా తీసుకోవడం వేలాల్లో నేను తరచూ చూసే తర్కం.

పళ్లెం ఇంటికి వచ్చాక ఆయన చేసిన పరీక్షలు ఇవి. టార్చి వెనక పట్టి చూస్తే మట్టిలోంచి లేత పచ్చ వెలుగు వచ్చింది. బలపపు రాయి కలిసిన వూస్టర్ మట్టికి అది ఉండాల్సిందే. అప్పటి మరో ఇంగ్లిష్ ఫ్యాక్టరీ కాగ్లీ సరుకైతే తరచూ నారింజ, గడ్డి ఛాయ వస్తుంది. పళ్లెం ఆనుకునే అడుగు రింగు లోపలి అంచున గ్లేజు వెనక్కి జరిగి సన్నటి ఖాళీ గీత ఉంది. అదీ వూస్టర్ లక్షణమే. గ్లేజులో వలలాంటి పగుళ్లు లేవు. మార్క్ లేదు. దానికి ఆయన కంగారు పడలేదు, పడకపోవడం సబబే. వూస్టర్ నెలవంక మార్కును ఎక్కువగా నీలం రంగుతోనే వేసేవారు. నీలం వాడని వస్తువు మీద మార్క్ లేకపోవడం మామూలే. చివరికి అల్ట్రావయొలెట్ లైటు వేసి చూశారు. ఎక్కడా మెరుపు తేడా లేదు, అంటే రిపేరు రంగు లేదు.

సమస్య

ఏడాది దాటాక ఈ పళ్లెం అమ్మి ఇంకా మంచిది కొనాలనుకుని, ఫొటోలను మరో పెద్ద సంస్థ నిపుణుడికి పంపారు. రెండు ముక్కల్లో జవాబొచ్చింది. మట్టి వూస్టర్‌ది, అలంకరణ తర్వాతది, మేం తీసుకోలేం.

ఆయన పళ్లెం పట్టుకుని నా దగ్గరికి వచ్చి, "అసలుదా, నకిలీదా? ఒక్క మాటలో చెప్పేయండి" అన్నారు. ఒక్క మాటలో చెబితే ఆయనకు ఉపయోగం ఉండదనిపించింది. ప్రశ్నను మూడుగా విడగొట్టాను. మట్టీ గ్లేజూ ఎక్కడివి, ఎప్పటివి? దాని మీది రంగులూ బంగారమూ ఎప్పటివి? ఆ తర్వాత విరిగి, అతికి, దిద్దినవేమైనా ఉన్నాయా? ఆయన పరీక్షల్లో మొదటి మూడూ, అంటే వెలుగు, అడుగు గీత, గ్లేజు, మొదటి ప్రశ్నకు చెందినవి. అల్ట్రావయొలెట్ లైటు మూడో ప్రశ్నది. కాల్చిన ఎనామెల్ గాజు లాంటిది. 1770లో కాల్చినా 1880లో కాల్చినా ఆ లైటు కింద బండారం బయటపడదు. రెండో ప్రశ్నను ఆయన ఏ పరీక్షా అడగలేదు. ఆయన పెట్టిన ధరలో ఎక్కువ భాగం ఆ రెండో ప్రశ్నదే. పచ్చ నేల, పక్షులు లేకపోతే అదే పళ్లెం వంద, నూట యాభై పౌండ్ల వస్తువు.

చూసి తేల్చుకున్నది

కిటికీ పక్కన కూర్చుని, పళ్లేన్ని వాలుగా తిప్పుతూ, పది రెట్లు పెంచే భూతద్దంతో చూశాను. వెతికినవి నాలుగు, అన్నీ ఒకే రకం సాక్ష్యం కావు కాబట్టి విడివిడిగా చెబుతాను.

అడుగు రింగు మీదా వెనక వైపూ నల్లటి చుక్కలున్నాయి. కండిషన్ రిపోర్ట్‌లో బట్టీ మచ్చలన్నవి ఇవే. పాత మెత్తటి పింగాణీని వందేళ్లు వాడాక మళ్లీ బట్టీలో పెడితే, దానిలో ఇంకిన తేమా మురికీ బయటికి వచ్చి గ్లేజు మాడినట్టు చుక్కలు పడతాయి, సన్నటి బుడగలు లేస్తాయి. కానీ 1770లో మొదటిసారి కాల్చినప్పుడు కూడా చుక్కలు పడొచ్చు. కాబట్టి ఇది అనుమానానికి కారణం అవుతుందే తప్ప రుజువు కాదు.

రెండోది బంగారం. ఆ కాలపు వూస్టర్ ఆపిల్ గ్రీన్ మీద బంగారం పట్టేది కాదు. అందుకే పనివాళ్లు గదుల అంచుల బంగారాన్ని పచ్చకు ఆనుకుని, తెల్ల గ్లేజు మీదే వేసేవారు. ఈ పళ్లెం మీద రెండు చోట్ల బంగారు గీత పచ్చ మీదికి ఎక్కి చక్కగా కూర్చుంది. ఇది చుక్కల కంటే బలమైన సాక్ష్యం.

నా మట్టుకు నాకు తేల్చేసింది మూడోది. పళ్లెం మధ్య తెల్లటి చోట కత్తి గీతలున్నాయి, తిన్నప్పుడు పడ్డవి. అందులో ఒక గీత తెల్లదాంట్లో మొదలై పక్షి తోక కిందికి పోయింది. భూతద్దంలో ఎర్ర ఎనామెల్ ఆ గీతలో నిండి, దాని మీదుగా తెగకుండా సాగింది. బొమ్మ వేశాక గీత పడితే బొమ్మ తెగాలి. ఇక్కడ గీత పడ్డాకే బొమ్మ వేశారు. భోజనాల బల్ల మీద కొన్నేళ్లు వాడిన పళ్లెం మీద ఎవరో కూర్చుని పక్షిని వేశారన్నమాట.

నాలుగోది వాలు వెలుగులో పచ్చ నేల కింద ఒక చోట కనిపించిన మసక ఆకారం. తీసేసిన పూల రెమ్మ తాలూకు జాడ అనిపించింది. నాకు నచ్చిన సాక్ష్యమే కానీ ఎదుటివారికి చూపిస్తే సగం మందికి కనిపించదు. అందుకే రిపోర్ట్‌లో దానికి బరువు ఇవ్వలేదు.

ప్రయత్నించినవి, విఫలమైనవి

నేను వద్దన్నా ఆయన ముందు చేసిన పని, ఫొటోలను తెలిసిన వ్యాపారులకు పంపి అభిప్రాయాలు పోగుచేయడం. ఒకరు అసలుదే అన్నారు. ఒకరు కాదన్నారు. మూడో ఆయన చూడందే చెప్పనన్నారు. ఆ ముగ్గురిలో నేను గౌరవించేది మూడో ఆయన జవాబునే. ఫొటోలో పచ్చ రంగు కెమెరాను బట్టి మారిపోతుంది, గీతలో నిండిన ఎనామెల్ అసలు కనిపించదు. నేను వద్దన్నది ఇంకో కారణంతో కూడా. మనం వేలం సంస్థ దగ్గరికి వెళ్లాల్సి ఉంది. వాళ్ల ముందు రెండు విరుద్ధ అభిప్రాయాలు పెడితే, నిపుణుల్లోనే ఏకాభిప్రాయం లేదని వాళ్లు ఫైలు మూసేస్తారు.

తర్వాత వేలం సంస్థ నిబంధనలు చదివాం. కొనేముందు చదవాల్సిన కాగితాన్ని చాలామందిలాగే ఆయన కూడా అప్పుడే మొదటిసారి చదివారు. నకిలీ అని తేలితే డబ్బు వాపసు ఇచ్చే క్లాజు ఉంది. కానీ వేలం జరిగిన 21 రోజుల్లోగా రాతపూర్వకంగా చెప్పాలి. పైగా మోసగించే ఉద్దేశంతో చేసిన నకిలీ అయి ఉండాలి. గడువు ఎప్పుడో దాటింది.

అప్పుడు ఆయన చట్టం గురించి అడిగారు. బ్రిటన్‌లో 2015 నాటి కన్స్యూమర్ రైట్స్ యాక్ట్ కొనుగోలుదారుకు మంచి రక్షణలే ఇస్తుంది. అయితే జనం స్వయంగా హాజరయ్యే వీలున్న బహిరంగ వేలంలో సెకండ్ హ్యాండ్ వస్తువు కొన్నవారిని, ఆ అమ్మకం విషయంలో, ఆ చట్టం వినియోగదారుగా లెక్కించదు. ఆయన ఇంట్లో కూర్చుని పాడినా వేలం గది తలుపులు తెరిచే ఉన్నాయి కాబట్టి ఆ రక్షణ వర్తించదు. గదే లేకుండా పూర్తిగా ఆన్‌లైన్‌లో నడిచే వేలమైతే లెక్క వేరు. అక్కడ కూడా అసలు అమ్మకందారు వ్యాపారా, మామూలు మనిషా అనేది చూడాలి.

స్మాల్ క్లెయిమ్స్ కోర్టు దారి ఉంది. ఇంగ్లండ్‌లో మామూలుగా పది వేల పౌండ్ల లోపు వివాదాలు అక్కడికి వెళ్తాయి, లాయర్ లేకపోయినా నడుస్తుంది. ఆ దారి పట్టొద్దని నేను సలహా ఇచ్చాను. కేటలాగ్‌లో ఉన్నది "వూస్టర్, సుమారు 1770". పళ్లెం నిజంగానే వూస్టర్, నిజంగానే సుమారు 1770. ఆ వాక్యం అలంకరణకు కూడా వర్తిస్తుందని మనం వాదించాలి, వర్తించదని వాళ్లు వాదిస్తారు. అవకాశం లేదనను. కానీ ఆయనకు ఆ ఊరి వేలాలతో ఇంకా ఏళ్ల తరబడి పని ఉంది. గెలిచే అవకాశాన్ని, ఖర్చయ్యే కాలాన్ని, చెడిపోయే సంబంధాన్ని పక్కపక్కన పెట్టి చూస్తే మర్యాదగా ఉత్తరం రాయడమే లాభం అనిపించింది. అయితే వట్టి అభిప్రాయంతో రాస్తే వట్టి జవాబే వస్తుంది. చేతిలో ఏదైనా గట్టి కాగితం ఉండాలి.

పనిచేసినవి

ఆ కాగితం కోసం ఎక్స్-రే ఫ్లోరెసెన్స్ పరీక్షకు వెళ్లాం. చేత్తో పట్టుకునే పరికరాన్ని వస్తువుకు ఆనిస్తే, ఆ చోట ఏ మూలకాలున్నాయో కొద్ది సేపట్లో చెబుతుంది. గీకడం, ముక్క తీయడం ఉండదు. మట్టి గురించి తెలుసుకోవడానికి నేను దీన్ని సిఫార్సు చేయను. బలపపు రాయిలోని మెగ్నీషియం తేలిక మూలకం, చేతి పరికరం దాన్ని నమ్మకంగా పట్టలేదు. మా ప్రశ్న మాత్రం రంగు గురించి. 18వ శతాబ్దపు ఇంగ్లిష్ పింగాణీ మీది పచ్చ ఎనామెల్ రాగితో చేసింది. క్రోమియం అనే మూలకాన్ని ఫ్రాన్స్‌లో వోక్లాన్ కనుక్కున్నది 1797లో. క్రోమియం పచ్చ పింగాణీ మీదికి వచ్చింది 19వ శతాబ్దంలో. 1770 నాటి పచ్చలో క్రోమియం ఉండే వీలే లేదు.

ఎన్ని చోట్ల చూడాలన్నది ఆలోచించాల్సి వచ్చింది. ఒక్క చోటే చూసి క్రోమియం దొరికితే, అక్కడ మాత్రం తర్వాత ఎవరో దిద్దారని వాదించొచ్చు. అందుకని నేల పచ్చను అంచున, మధ్యలో, గది పక్కన వేర్వేరు చోట్ల చూడమన్నాం. పక్షి రెక్కలోని పచ్చనూ చూడమన్నాం. పోల్చడానికి వెనక వైపు ఏ రంగూ లేని గ్లేజును కూడా. తెల్ల గ్లేజులో ఊహించినట్టే సీసం వచ్చింది, క్రోమియం రాలేదు. పచ్చ ఉన్న ప్రతిచోటా క్రోమియం వచ్చింది. దిద్దుబాటు వాదనకు చోటు లేకుండా పోయింది.

రిపోర్ట్‌తో పాటు కత్తి గీత ఫొటో, బంగారం పచ్చ మీదికెక్కిన చోటి ఫొటో జతచేసి ఉత్తరం రాశాం. వాపసు అడగలేదు. వస్తువును సరైన వర్ణనతో మళ్లీ అమ్మిపెట్టమని, అమ్మకందారు కమిషన్ వదులుకోమని అడిగాం. గడువు దాటిన విషయాన్ని మేమే ముందుగా ఒప్పుకున్నాం. వాపసు ఇవ్వలేమంటూనే మిగతా రెండిటికీ వాళ్లు సరేనన్నారు. రాతలో దబాయింపు ఉంటే ఉత్తరం నేరుగా వాళ్ల లాయరు దగ్గరికి పోయేది.

ఇక్కడ ఆయనా నేనూ కొంత వాదించుకున్నాం. "నేనే ఉంచుకుంటే పోలా, మళ్లీ ఎవరి నెత్తినో పడకుండా ఉంటుంది" అన్నది ఆయన మాట. ఉంచుకుంటే రేపు వారసుల చేతికి కాగితం లేకుండా వెళ్తుంది, చనిపోయినవారి ఆస్తి కింద అమ్మే లాట్ల మధ్య మళ్లీ "సుమారు 1770" అనే వర్ణనతో బయటికొస్తుంది అన్నది నాది. చివరికి పరీక్ష రిపోర్ట్‌ను లాట్‌తో పాటే ఇవ్వాలనే షరతు పెట్టి అమ్మాం. కేటలాగ్‌లో "వూస్టర్ పళ్లెం, సుమారు 1770, అలంకరణ 19వ శతాబ్దంలో వేసినది" అని పడింది. 320 పౌండ్లకు పోయింది. రెండు వేల ఒక వంద చిల్లర నష్టం. కొన్న మనిషి తిరిగి అలంకరించిన సరుకునే ప్రత్యేకంగా సేకరిస్తారట. అదీ ఒక విభాగమే, దానికీ ధర ఉంది.

కొనే పద్ధతిలో ఏం మారింది

నష్టం పూడ్చడం కంటే ఇది ముఖ్యమైన పని. మొదట ఆయన చేత కొనిపించింది ఒక విరిగిన కప్పు. అసలైన ఆపిల్ గ్రీన్ ఫస్ట్ పీరియడ్ వూస్టరే, చెవి ఊడింది, పక్కన పగులుంది. చాలా తక్కువకే వచ్చింది. ఆ పచ్చను, దాని పక్కనే ఆగిన బంగారాన్ని ఇంట్లో పెట్టుకుని ఎప్పుడంటే అప్పుడు చూసుకోవచ్చు. ఆక్స్‌ఫర్డ్‌లోని ఆష్మోలియన్ మ్యూజియంలో మార్షల్ సేకరణ రంగుల వూస్టర్‌కు పేరుపొందింది. వూస్టర్‌లోనే మ్యూజియం ఆఫ్ రాయల్ వూస్టర్ ఉంది. కానీ అద్దం అవతలి వస్తువు ఎంత చూసినా గోటికి తగిలే ఎనామెల్ ఎత్తు, అడుగు రింగు నునుపు తెలియవు. చెడిపోయిన అసలు వస్తువు ఇచ్చే చదువు అది.

రెండోది, పెద్ద మొత్తాలు పెట్టేది కొంతకాలం నీలం తెలుపు సరుకు మీదే అనుకున్నాం. దీనికి కారణం రుచి కాదు. నీలాన్ని మొదటి కాల్పు అయ్యాక, గ్లేజు వేయకముందే వేస్తారు. గ్లేజు కిందున్న బొమ్మను వందేళ్ల తర్వాత ఎవరూ తీసి మళ్లీ వేయలేరు. నీలం బొమ్మకు పైనుంచి ఎరుపు, బంగారం అద్దిన సరుకు ఉంటుంది గానీ, అది మోటుగా తెలిసిపోతుంది. అంటే మన మూడు ప్రశ్నల్లో ప్రమాదకరమైన రెండోది దాదాపు మాయమవుతుంది. మిగిలేది ఏ ఫ్యాక్టరీది అన్నదే. అది నేర్చుకోగల విద్య, తప్పినా నష్టం చిన్నది.

ఉదాహరణకు బోటులో చేపలు పట్టే బొమ్మ ముద్రణ. వూస్టర్ వాళ్లూ వేశారు, ష్రాప్‌షైర్‌లో థామస్ టర్నర్ నడిపిన కాగ్లీ ఫ్యాక్టరీ వాళ్లూ వేశారు. కాగ్లీ బొమ్మలో నిలబడ్డవాడి చేతిలో చేప పొట్టిగా, లావుగా ఉంటుంది, గాలం దారం బిగుతుగా ఉంటుంది. వూస్టర్‌లో చేప పొడుగ్గా, సన్నగా, దారం వదులుగా ఉంటుంది. ఇలాంటిదే మరొకటి. చైనా అక్షరాల్లా వంకర్లు తిప్పిన అంకెల మార్కును చాలాకాలం కాగ్లీకి అంటగట్టేవారు. వూస్టర్ పాత ఫ్యాక్టరీ ఉన్న వార్మ్‌స్ట్రీ హౌస్ స్థలంలో తవ్వితే ఆ మార్కున్న విరిగిన పెంకులు బయటపడ్డాయి. దాంతో అవి వూస్టర్‌వని తేలింది. ఇప్పటికీ పాత అలవాటు చొప్పున వాటిని కాగ్లీ కింద రాసే కేటలాగులు నాకు కనిపిస్తుంటాయి.

మూడోది పాట లెక్క. మొత్తం ఎంత ఖర్చుపెట్టగలమో ముందు రాసుకుని, వెనక్కి వెళ్లి హ్యామర్ ధర, అంటే రుసుములు కలపని పాట ధర, తేల్చాలి. ఆయన కొనే చోట ప్రీమియం, వ్యాట్, వేదిక రుసుము కలిపి హ్యామర్ ధరకు 1.36 రెట్లు అవుతుంది. అదే వేలం సంస్థకు నేరుగా కమిషన్ బిడ్ ఇస్తే, అంటే మన అంకె ముందే ఇచ్చి వాళ్లనే పాడమంటే, వేదిక రుసుము ఉండదు కాబట్టి 1.30 రెట్లే. ఐదు వందల పౌండ్ల బడ్జెట్‌కు మొదటి దారిలో 367, రెండో దారిలో 384 వస్తాయి. పాట 300, 320, 350, 380 మెట్లలో నడుస్తుంది. కాబట్టి మొదటి దారిలో 350 దగ్గర ఆగిపోవాలి, రెండో దారిలో 380 దాకా వెళ్లొచ్చు. ఆ ఒక్క మెట్టే చాలా లాట్లను అటో ఇటో తేలుస్తుంది. గదిలో కూర్చుని వేడిలో ఈ లెక్క చేయలేం. అందుకే కాగితం మీద అంకె రాసుకుని వెళ్లమంటాను. వస్తువును చేత్తో చూడకపోతే ఆ అంకె ఇంకా తగ్గాలి. చూడని పగులు ఉందనే అనుకుని ధర కట్టాలి. రంగుల సరుకైతే, అలంకరణ తర్వాతిదే అనుకుని కట్టిన ధర దాటకూడదు.

కండిషన్ రిపోర్ట్ అడిగే తీరు కూడా మార్చాం. "ఏమైనా దెబ్బలున్నాయా" అని అడిగితే "స్వల్ప అరుగుదల" అనే జవాబు తప్ప రాదు. ఇప్పుడు ఆయన అడిగేవి ఇలా ఉంటాయి. కత్తి గీతలు బొమ్మను తెంచుకుంటూ పోయాయా, బొమ్మ కిందికి పోయాయా? బంగారం నేల రంగు మీద ఉందా, పక్కన ఉందా? అడుగు రింగును దగ్గరగా ఫొటో తీసి పంపగలరా? జవాబు రాకపోతే అదీ సమాచారమే. ఆ లాట్ వదిలేస్తారు.

ఈ పద్ధతిలో వరసగా కొన్ని లాట్లు చేజారాయి. ఆయనకు విసుగొచ్చింది, నాకు ఫోన్ చేసి ఇలా అయితే ఎప్పటికీ ఏమీ కొనలేమన్నారు. తర్వాత ఒక మిశ్రమ లాట్ దొరికింది. ఐదు నీలం తెలుపు ముక్కలు, కేటలాగ్‌లో "వూస్టర్, కాగ్లీ" అని గంపగుత్తగా రాసి ఉంది. వేలానికి ముందు రోజు వ్యూయింగ్‌కు వెళ్లి ఒక్కోటీ చేతిలోకి తీసుకున్నారు. వూస్టర్ అని చీటీ అంటించిన పళ్లెంలో చేప లావుగా ఉంది, దారం బిగుతుగా ఉంది, అంటే కాగ్లీ. కాగ్లీ అని రాసిన టీబౌల్‌కు వంకర అంకె మార్క్ ఉంది, అంటే వూస్టర్. ఒక కప్పుకు వెంట్రుకంత పగులు ఉంది, దాన్ని లెక్కలో సున్నాగా వేసుకున్నారు. రాసుకున్న అంకెకు ఒక మెట్టు కిందే పాట ఆగింది. ఆయన ఫోన్‌లో మొదట చెప్పింది ధర కాదు, చేప సంగతి.

ఇంకొక హెచ్చరిక, ఈ కేసు గురించి విని పరీక్ష చేయించుకుంటామని అడిగేవాళ్ల కోసం. క్రోమియం పరీక్ష ఒక వైపే పనిచేస్తుంది. క్రోమియం దొరికితే ఆ పచ్చ 1770 నాటిది కాదు, అనుమానం లేదు. దొరకకపోతే మాత్రం ఏమీ తేలినట్టు కాదు. 19వ శతాబ్దంలో రాగి పచ్చ వాడటాన్ని ఎవరూ ఆపలేదు, జాగ్రత్తగల చిత్రకారుడు పాత రంగునే కలిపి ఉండొచ్చు. అప్పుడు మళ్లీ కత్తి గీతల దగ్గరికి, బంగారం దగ్గరికి, అడుగు రింగు చుక్కల దగ్గరికే రావాలి. అందుకే భూతద్దంతో చూసే పని ముందు పూర్తి చేసి, దానితో తేలనప్పుడో, ఎదుటివారికి కాగితం చూపాల్సి వచ్చినప్పుడో మాత్రమే ల్యాబుకు పంపుతాను.